బీటెక్ సీటుకు డబ్బు కట్టే ముందు వేయాల్సిన లెక్క

డిగ్రీ చదివితే లాభమా, నష్టమా అని గుండుగుత్తగా అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. ఫలానా కాలేజీలో, ఫలానా బ్రాంచిలో, ఫలానా కోటా సీటులో, ఫలానా చోట తెచ్చిన డబ్బుతో చదివితే గిట్టుతుందా అని అడిగితే మాత్రం జవాబు దొరుకుతుంది. ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి బీటెక్ దాదాపు ఉచితంగా వస్తుంది, మరొకరికి అర ఎకరం ఖరీదు అవుతుంది. పట్టా మీద మాత్రం ఆ తేడా కనబడదు.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు చేతికొచ్చి, వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీ, ఏ బ్రాంచి ముందు కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా ఇచ్చే జాబితా) ఇంకా పెట్టని ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఒక తెల్ల కాగితం, ఫోనులో క్యాలిక్యులేటర్, ఒక పూట తీరిక ఉంటే చాలు. అబ్బాయినో అమ్మాయినో పక్కనే కూర్చోబెట్టుకోండి. రేపు ఆ అప్పు తీర్చాల్సిన మనిషికి తెలియకుండా లెక్క వేయడం న్యాయం కాదు.

మొదటి అడుగు: సీటు ఏ కోటాదో తేల్చుకోండి

ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా కింద కౌన్సెలింగ్‌లో నిండుతాయి, 30 శాతం మేనేజ్‌మెంట్ చేతిలో ఉంటాయి. కన్వీనర్ సీటు ఫీజు ప్రభుత్వం ఖరారు చేసినదే. అర్హత ఉన్న కుటుంబాలకు ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వమే ఫీజు భరించే పథకం, కూడా ఈ కోటాకే వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. కౌన్సెలింగ్ అంతా ముగిశాక కాలేజీలోనే జరిగే స్పాట్ అడ్మిషన్లకు కూడా రాదు. చాలామందికి ఈ రెండో సంగతి ఫీజు కట్టాకే తెలుస్తుంది.

2008 నుంచి నడుస్తున్న ఈ ఫీజు పథకం ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు తీరులుగా ఉంది, ఆంధ్రప్రదేశ్ వాళ్లు తమ నిబంధనలు విడిగా చూసుకోవాలి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు వస్తుంది. బీసీ విద్యార్థికి 10,000 లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు, ఆ పైన ఉంటే సాధారణంగా ఏడాదికి 35,000 రూపాయల వరకే. అంటే లక్షా 20 వేల ఫీజున్న కాలేజీలో 9,900 ర్యాంకు వచ్చిన బీసీ అమ్మాయి పైసా కట్టనక్కర్లేదు, 10,100 ర్యాంకు వచ్చిన అబ్బాయి ఏటా 85,000 కట్టాలి. నాలుగేళ్లకు అది 3 లక్షల 40 వేలు. మీ ర్యాంకు ఆ గీతకు ఏ పక్కన ఉందో చూసుకుని ఆప్షన్లు పెట్టాలి. గీత దాటిన వాళ్లు తక్కువ ఫీజున్న మంచి కాలేజీలను పైకి తెచ్చుకుంటే జాబితా మొత్తం మారిపోతుంది. ఆదాయ పరిమితులు, పత్రాలు ఏటా ఒకసారి సరిచూసుకోవడం తప్పదు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే సిద్ధంగా పెట్టుకోండి.

ప్రభుత్వం ఇస్తుందని పూర్తిగా నిశ్చింతగానూ ఉండకూడదు. రీయింబర్స్‌మెంట్ సొమ్ము రెండు రాష్ట్రాల్లోనూ నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఆలస్యంగా విడుదలైన చరిత్ర ఉంది. బకాయిల కోసం కాలేజీలు బంద్‌లు చేశాయి. చివరి ఏడాది అయ్యాక 'ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం, లేకపోతే మెమోలు ఇవ్వం' అనే మాట వినాల్సి రావచ్చు. అందుకని కనీసం ఒక ఏడాది ఫీజుకు సరిపడా డబ్బు ఎక్కడి నుంచి తేగలరో కాగితం మీద ఒక మూల రాసి ఉంచండి.

రెండో అడుగు: నాలుగేళ్ల ఖర్చు మొత్తం ఒకేచోట రాయండి

ట్యూషన్ ఫీజు ఒక్కటే రాసి లెక్క అయిపోయిందనుకుంటారు. హాస్టల్, మెస్, కాలేజీ బస్సు, పరీక్ష ఫీజులు, యూనివర్సిటీ పేరుతో, గుర్తింపు పేరుతో వసూలు చేసే ప్రత్యేక రుసుము, మూడో ఏడాదిలో ప్లేస్‌మెంట్ శిక్షణ పేరుతో అడిగే సొమ్ము, లాప్‌టాప్, ప్రాజెక్టు ఖర్చు, పండక్కి ఊరొచ్చే చార్జీలు, హాజరు తగ్గితే కండోనేషన్ ఫీజు, సబ్జెక్టు తప్పితే సప్లీ ఫీజు. ఇవన్నీ విడివిడిగా చిన్నవి. కలిపితే ట్యూషన్ ఫీజుతో పోటీ పడతాయి.

ఉదాహరణకు ఫీజు లక్ష, హాస్టల్, మెస్ కలిపి 80,000, మిగతావన్నీ కలిపి 20,000 అనుకుందాం. ఏడాదికి 2 లక్షలు, నాలుగేళ్లకు 8 లక్షలు. ఇందులో డొనేషన్ లేదు. మేనేజ్‌మెంట్ సీటుకు రసీదు లేకుండా అడిగే సొమ్ము చట్టవిరుద్ధం. క్యాపిటేషన్ ఫీజు అనే ఈ డొనేషన్‌ను నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1983లోనే చట్టం వచ్చింది. చట్టం వచ్చి నలభై ఏళ్లు దాటినా సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు రేటు ఎంత నడుస్తోందో మన ఊళ్లో టీ కొట్టు దగ్గర కూడా చెబుతారు. లెక్క కోసం ఆ సొమ్మునూ రాయండి. అయితే దానికి బ్యాంకు రుణం రాదు. సీటు వదులుకుంటే తిరిగీ రాదు.

ప్రైవేటు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు చూపించే 'స్కాలర్‌షిప్' విషయంలో ఒక్క ప్రశ్న వేయండి: ఇది నాలుగేళ్లూ ఉంటుందా, రెండో ఏడాది నుంచి ఇన్ని మార్కులు తెచ్చుకుంటేనే ఉంటుందా? జవాబును ఉత్తరంలోనో మెయిల్‌లోనో రాయించుకోండి. కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పినది లెక్కలోకి తీసుకోకండి.

మూడో అడుగు: ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు తేడా ఇక్కడే ఉంది. చేతిలో పొదుపు ఉండి కట్టే 8 లక్షలు వేరు, అప్పు తెచ్చి కట్టే 8 లక్షలు వేరు. అప్పు కూడా ఎవరి దగ్గర తెచ్చారన్నదాన్ని బట్టి మళ్లీ మారుతుంది.

ఏటా లక్షా 75 వేల చొప్పున నాలుగేళ్లలో 7 లక్షలు అప్పు చేశారనుకుందాం. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నాలుగో ఏడాది వచ్చేసరికి అసలు ముట్టకుండా వడ్డీయే నెలకు 14,000 అవుతుంది. చదువు ముగిసి మరో ఏడాది గడిచేసరికి, బారువడ్డీ లెక్కన చూసినా, 7 లక్షలు దాదాపు 12 లక్షల 90 వేలై కూర్చుంటాయి.

అదే 7 లక్షలు బ్యాంకు విద్యారుణం అయితే, 10.5 శాతం వడ్డీ అనుకుంటే, కోర్సు కాలం, దాని మీద మరో ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. ఆ కాలపు వడ్డీ కలిసి అప్పు సుమారు 9 లక్షల 57 వేలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా సుమారు 12,900. మొత్తం కట్టేది పదిహేనున్నర లక్షలు. చదువుకునేటప్పుడే నెలనెలా వడ్డీ కట్టుకుంటూ పోగలిగితే వాయిదా దాదాపు 9,450కి దిగుతుంది. నెలకు మూడున్నర వేల తేడా, అదీ పదేళ్లపాటు. కుదిరిన వాళ్లు వడ్డీ ముందే కట్టుకోండి.

బ్యాంకుకు వెళ్లే ముందు నాలుగు సంగతులు తెలుసుకోండి. 4 లక్షల వరకు సాధారణంగా తాకట్టు, మూడో వ్యక్తి హామీ, మీ వాటా సొమ్ము ఏవీ అడగరు. ఏడున్నర లక్షల వరకు ప్రభుత్వ రుణ హామీ పథకం ఉంది కాబట్టి ఇంటి కాగితాలు తెమ్మంటే ఆ పథకం సంగతి అడగండి. కుటుంబ ఏడాది ఆదాయం నాలుగున్నర లక్షల లోపుండి, గుర్తింపు ఉన్న సంస్థలో సాంకేతిక, వృత్తి విద్యా కోర్సు చదువుతుంటే, 10 లక్షల వరకు రుణానికి వాయిదాలు మొదలయ్యేదాకా అయ్యే వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. ఇక 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, ఎంపిక చేసిన అగ్రశ్రేణి సంస్థల్లో మెరిట్ సీటు వచ్చిన వాళ్లకు హామీదారు లేకుండా రుణం ఇస్తారు. 8 లక్షల లోపు ఆదాయం ఉంటే వడ్డీలో 3 శాతం రాయితీ ఉంటుంది. అందువల్ల కాలేజీ నాణ్యతను చూసి ఇచ్చే న్యాక్ గుర్తింపో, మీరు చేరే బ్రాంచి నాణ్యతను చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపో ఉందా లేదా అన్నది పేరుప్రతిష్ఠల విషయం మాత్రమే కాదు, మీ వడ్డీ విషయం కూడా.

పొలం అమ్మి చదివించే వాళ్లు అమ్మిన ధరతో పాటు ఆ పొలం ఏటా ఇచ్చే కౌలు కూడా ఖర్చు కింద రాయాలి.

నాలుగో అడుగు: ఎదుటి వరుసలో జీతం రాయండి, ఫ్లెక్సీ మీదిది కాదు

కాలేజీ గేటు ముందు ఫ్లెక్సీలో 44 లక్షల ప్యాకేజీ వచ్చిన కుర్రాడి ఫొటో ఉంటుంది. ఆ కుర్రాడు నిజమే, ప్యాకేజీ కూడా నిజమే కావచ్చు. కానీ అతను ఒక్కడు. విత్తనాలు కొనేటప్పుడు అన్నిటికంటే ఎత్తు పెరిగిన మొక్క ఫొటో చూసి కొనం, మొలక శాతం అడుగుతాం. ఇక్కడా అదే అడగాలి.

అడగడానికి మంచి చోటు ఎన్‌ఐఆర్‌ఎఫ్ పత్రం. జాతీయ ర్యాంకింగుల కోసం కాలేజీలు కేంద్రానికి ఇచ్చే వివరాలను తమ వెబ్‌సైటులో పెట్టాలి. ఎక్కడో అట్టడుగున ఒక లింకుగా దాక్కుని ఉంటుంది, వెతకండి. అందులో మూడు బ్యాచ్‌ల వివరాలు ఉంటాయి: మొదటి ఏడాది ఎంతమంది చేరారు, సకాలంలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంతమంది పైచదువులకు వెళ్లారు, ఉద్యోగం వచ్చిన వాళ్ల మధ్యస్థ జీతం ఎంత. మధ్యస్థం అంటే సగంమందికి అంతకంటే తక్కువ, సగంమందికి అంతకంటే ఎక్కువ వచ్చిన చోటు. సగటులా ఒక్క భారీ ప్యాకేజీకి ఉబ్బిపోదు. చేరిన వాళ్లు 400, సకాలంలో పాసైన వాళ్లు 260, ఉద్యోగం వచ్చిన వాళ్లు 120 అని ఉందనుకోండి. కాలేజీ ప్రచారంలో అది అర్హులైన విద్యార్థుల్లో 90 శాతం ప్లేస్‌మెంట్లుగా మారిపోవచ్చు. బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) ఉన్న వాళ్లను, 60 శాతం మార్కులు రాని వాళ్లను ముందే పక్కన పెట్టేస్తే ఏ కాలేజీకైనా 90 శాతం వస్తుంది. మీ పిల్లవాడు చేరేది మాత్రం ఆ 400 మందిలో ఒకడిగా. 120ని 400తో భాగించండి. ఈ పత్రంలో అన్ని బ్రాంచిలూ కలిసే ఉంటాయి, బ్రాంచి వారీ లెక్క కాలేజీనే అడగాలి. అసలు పత్రమే పెట్టని కాలేజీ అయితే అదీ ఒక సమాచారమే.

'500 ఆఫర్లు' అంటే 500 మంది అని కాదు. ఒకరికే మూడు ఆఫర్లు ఉండవచ్చు. ఆఫర్ లెటర్ వచ్చినంత మాత్రాన చేరిక తేదీ వస్తుందనీ కాదు. 2022లో ఎంపికైన ఎంతోమంది ఏడాదికి పైగా ఎదురుచూశారు. కాబట్టి ఎంతమంది ఎంపికయ్యారు అని కాకుండా, నిరుటి బ్యాచ్‌లో ఎంతమంది ఈరోజు ఉద్యోగంలో ఉన్నారు అని అడగండి. పీఆర్వో గదిలో కంటే కాలేజీ బస్టాపులో మూడో ఏడాది, నాలుగో ఏడాది పిల్లలు దీనికి మంచి జవాబులు చెబుతారు. సెమిస్టర్ మధ్యలో లెక్చరర్లు ఎన్నిసార్లు మారారో, ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్ దగ్గర ఎంతమంది కూర్చుంటారో కూడా వాళ్లనే అడగండి.

ఇప్పుడు జీతం. పెద్ద ఐటీ కంపెనీలు సాధారణ ఫ్రెషర్‌కు ఇచ్చేది దశాబ్దానికి పైగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. ఫీజులు, హాస్టల్ రేట్లు మాత్రం అక్కడే ఆగలేదు. మూడున్నర లక్షల ప్యాకేజీలో పీఎఫ్ వగైరా పోగా చేతికొచ్చేది నెలకు 23,000 నుంచి 25,000 అనుకోండి. 23,000లోంచి 12,900 వాయిదా, మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో హాస్టల్‌కు 8,000 తీసేస్తే మిగిలేది 2,100. బస్సు, ఫోను, బట్టలు, అమ్మానాన్నలకు పంపేది అన్నీ అందులోనే.

ఐదో అడుగు: గీత ఎక్కడ గీయాలి

నేను పెట్టుకునే కొలత ఇది. తొలి ఉద్యోగంలో చేతికొచ్చే జీతంలో నెల వాయిదా మూడో వంతు దాటకూడదు. 23,000లో మూడో వంతు అంటే సుమారు 7,700. పైన చెప్పిన వడ్డీతో పదేళ్ల వాయిదాకు ఆ సొమ్ముతో తీరే అసలు రుణం నాలుగు లక్షల కాస్త పైన. బ్యాంకులు హామీ అడగకుండా ఇచ్చే పరిమితి కూడా 4 లక్షలే కావడం యాదృచ్ఛికమే అయినా గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుంది. మధ్యస్థ జీతం మూడున్నర లక్షలున్న కాలేజీకి 4 లక్షలు దాటి అప్పు చేయకండి. మధ్యస్థ జీతం 6 లక్షలున్న కాలేజీ అయితే గీత ఆ మేరకు పైకి జరుగుతుంది. ఉద్యోగాలు వచ్చిన వాళ్లే మూడో వంతు ఉన్న కాలేజీ అయితే, ఎంత తక్కువ ఫీజైనా, అప్పు చేసి చేరడం నా మటుకు నాకు సమ్మతం కాదు.

బ్రాంచి గురించి ఇక్కడే చెప్పాలి. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ సంస్థ ఏఐసీటీఈ, మంచి పనితీరున్న కాలేజీలకు ఒక్కో బ్రాంచిలో సీట్ల మీద గరిష్ఠ పరిమితి ఎత్తేసింది. దాంతో కాలేజీలు సివిల్, మెకానికల్ తగ్గించుకుని సీఎస్ఈ సీట్లు పెంచాలని క్యూ కట్టాయి. సీఎస్ఈ పది సెక్షన్లున్న చోట పాఠం చెప్పగలిగిన వాళ్లు ఎంతమంది ఉంటారో ఊహించుకోండి. పేరున్న యూనివర్సిటీ కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) వస్తుంటే వదిలేసి, నిన్నగాక మొన్న పుట్టిన కాలేజీలో సీఎస్ఈ ఏఐ కోసం డొనేషన్ కట్టే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఈఈఈ వాళ్లను కూడా తీసుకుంటాయి. విద్యుత్ సంస్థలు, నీటిపారుదల శాఖ, గేట్ పరీక్ష ద్వారా ప్రభుత్వ రంగ సంస్థల ఇంజినీర్ ఉద్యోగాలు మాత్రం సీఎస్ఈ వాళ్లకు దొరికేది తక్కువ.

ఆరో అడుగు: పక్క దారుల లెక్క కూడా వేయండి

సీటు గీత దాటిందనుకోండి. అప్పుడు ప్రశ్న చదవాలా వద్దా అని కాదు, ఇంకెలా చదవాలి అని.

ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఈ లెక్క ఇప్పుడే వేయడం మేలు. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళితే మొత్తం ఆరేళ్లు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపినా ఆరేళ్లే. ఒక్క రోజు కూడా నష్టం లేదు. కార్పొరేట్ జూనియర్ కాలేజీకి పోసే సొమ్ము మిగులుతుంది, బీటెక్‌లో ఒక ఏడాది ఫీజు తగ్గుతుంది, మధ్యలో ఆగిపోయినా చేతిలో డిప్లొమా ఉంటుంది. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాది ఫీజు కొన్ని వేల రూపాయలే. పల్లె బడుల్లో మంచి మార్కులు వచ్చే పిల్లలకు బాసర, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలు ఉండనే ఉన్నాయి. పదో తరగతి మార్కులతో ప్రవేశం, ఆరేళ్ల చదువు.

ఇంటర్ అయిన వాళ్లకు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్, బీకామ్, బీసీఏ ఉన్నాయి. తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా ప్రవేశాలు, ఆంధ్రప్రదేశ్‌లో వాటికి వేరే ఆన్‌లైన్ విధానం. బీఎస్సీ, బీసీఏ వాళ్లను తీసుకుని పని చేయిస్తూనే ఎంటెక్ చదివించే కార్యక్రమం విప్రోలో ఉంది. ఇంటర్ పిల్లలకు శిక్షణ ఇచ్చి ఉద్యోగంలోకి తీసుకునే టెక్‌బీ కార్యక్రమం హెచ్‌సీఎల్‌లో ఉంది. వీటిలో చేరే ముందు శిక్షణ రుసుము, బాండు గడువు తప్పక చదవండి. ఐటీఐ పేరెత్తితే మన ఇళ్లలో ముఖం చిట్లిస్తారు, కానీ రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ దరఖాస్తుకు ఐటీఐ చాలు. ఆ ఉద్యోగానికి బీటెక్‌లు కూడా వరుసలో నిలబడుతున్నారు.

ఈ దారుల్లో ఒక్కోదానికీ అదే కాగితం మీద రెండు అంకెలు రాయండి: మొత్తం ఖర్చు, సంపాదన మొదలయ్యే ఏడాది. రెండేళ్లు ముందు మొదలయ్యే 15,000 జీతం అంటే 3 లక్షల 60 వేలు.

ఏడో అడుగు: అంకెల్లోకి రాని వాటికి కూడా ఒక వరుస ఉంచండి

గ్రూప్-1, గ్రూప్-2, బ్యాంకు పీవో, సివిల్స్ వీటన్నిటికీ ఏదో ఒక డిగ్రీ కావాలి. గమనించండి, ఏదో ఒకటి. దానికోసమే అయితే 8 లక్షల బీటెక్ అక్కర్లేదు. అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లాలనే ఉద్దేశం ఉంటే నాలుగేళ్ల డిగ్రీ ఉపయోగపడుతుంది. అయితే దాని ఖర్చు వేరే కాగితం, వేరే అప్పు. ఈ కాగితంలో కలిపి 'అక్కడికి వెళ్లాక తీరుస్తాడు' అని రాసుకోకండి. పెళ్లి సంబంధాల్లో పట్టాకు విలువ ఉందన్నది నిజమే, కాదనను. దానికి ఎంత ఖరీదు కడతారో మీ ఇష్టం.

అమ్మాయిల విషయంలో మాత్రం నా లెక్క వేరు. చాలా ఇళ్లలో అబ్బాయికి డొనేషన్ కట్టడానికి వెనకాడరు, అమ్మాయికి మాత్రం ర్యాంకు ఎంత వచ్చినా ఇంటి నుంచి బస్సు వెళ్లే కాలేజీయే చూస్తారు. ఆ అమ్మాయికి డిగ్రీ అంటే ఇరవై ఏళ్లకే పెళ్లి మాట రాకుండా ఆపే నాలుగేళ్లు, సొంత బ్యాంకు ఖాతా, ఊరు దాటే అవకాశం. జీతం అంకె చిన్నదిగా ఉన్నా ఈ వరుసలో రాయాల్సినవి చాలా ఉంటాయి. మంచి కాలేజీ దూరంగా ఉంటే హాస్టల్ ఖర్చును దండగ కింద రాయకండి.

చివరి అడుగు: డబ్బు కట్టే రోజు

కట్టే ప్రతి రూపాయికీ కాలేజీ పేరు, విద్యార్థి పేరు, తేదీ ఉన్న రసీదు తీసుకోండి. వీలైతే ఆన్‌లైన్‌లోనే కట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోండి. సరిచూసుకున్నాక కాలేజీలు ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ, ఏఐసీటీఈ నిబంధనలు చెబుతున్నాయి. టీసీ తప్పనిసరిగా ఇవ్వాల్సి వస్తే ముందే నాలుగైదు జిరాక్సులు తీసి, ఇచ్చినట్టు రాయించుకోండి. మేనేజ్‌మెంట్ సీటుకు ముందే డబ్బు కట్టమని తొందరపెడితే, కన్వీనర్ కౌన్సెలింగ్ తుది విడత అయ్యేదాకా ఆగగలరేమో చూడండి. ఆఖరి విడతల్లో సీట్లు మిగలడం కొత్త కాదు.

ఒకచోట కట్టాక అంతకంటే మంచి సీటు వస్తే భయపడి ఆగిపోవద్దు. ప్రవేశాలకు నిర్ణయించిన చివరి తేదీ లోపు సీటు వదులుకుంటే ప్రాసెసింగ్ రుసుము కింద 1,000 రూపాయలకు మించకుండా తీసుకుని మిగతా ఫీజు తిరిగి ఇవ్వాలన్నది ఏఐసీటీఈ నిబంధన. వదులుకుంటున్నట్టు తేదీ వేసి ఉత్తరం రాసి, కార్యాలయంలో ముద్ర వేయించుకున్న నకలు దగ్గర ఉంచుకోండి. ఇవ్వనంటే ఏఐసీటీఈ వెబ్‌సైటులో ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు అడిగేది రసీదు నంబరే.